పాతతరం అనలాగ్ సింథసైజర్లు: విద్యుత్ లోపాలను పట్టుకునే పద్ధతి

1964లో రాబర్ట్ మూగ్ అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ట్రూమన్స్‌బర్గ్‌లో తన తొలి మాడ్యులర్ సింథసైజర్‌ను తయారు చేశారు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చి సంగీతకారుల మొగ్గును డిజిటల్ ధ్వని వైపు తిప్పింది. ఈ రెండు సంవత్సరాల మధ్య పుట్టినవే మినీమూగ్ (1970), ఏఆర్‌పీ 2600 (1971), యమహా సీఎస్-80 (1977), ప్రాఫెట్-5 (1978), కోర్గ్ పాలీసిక్స్ (1981), రోలాండ్ జూపిటర్-8 (1981). కాస్త ఆలస్యంగా వచ్చినా అదే కుటుంబానికి చెందినది రోలాండ్ జూనో-106 (1984). నేడు వీటన్నింటి వయసు నలభై ఏళ్లు దాటింది, కొన్నింటిది యాభై కూడా దాటింది. పదేళ్లు పనిచేస్తే చాలనుకుని వాడిన కెపాసిటర్లు, బ్యాటరీలు, సాకెట్లు వీటిలో చాలావాటికి లోపల ఇంకా అలాగే ఉన్నాయి.

భారతదేశంలో వీటి చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియోను నెలకొల్పారు. 1982లో చరణ్‌జిత్ సింగ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 యంత్రాలతో పది రాగాల ఆల్బమ్ చేశారు. 1980లలో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో తయారైన తెలుగు సినిమా పాటల్లోనూ సింథసైజర్ స్థిరపడింది. ఆ తరం వాయిద్యాలు ఇప్పుడు ఇళ్లలో, స్టూడియోల మూలల్లో, సేకరించేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. వీటిని బాగుచేసే పని మళ్లీ ఒక వృత్తిగా మారింది.

ఆ వృత్తిలో ఉన్నవాళ్లను బాధించేది కాలం చేసిన నష్టం కన్నా తొందరపాటు మరమ్మతు చేసిన నష్టం. లోపం ఎక్కడుందో తేలకుండానే టంకపు కడ్డీ పట్టుకున్నవాళ్లు లేపేసిన రాగి ట్రాకులు, గుర్తు పెట్టుకోకుండా తిప్పేసిన ప్రీసెట్లు (బోర్డు మీది చిన్న సవరణ గుండీలు), తారుమారుగా పెట్టిన ఐసీలు మొదటి లోపాన్ని కప్పేసి రెండోదాన్ని తెచ్చిపెడతాయి. అందుకే ఈ వ్యాసం మార్చడం గురించి కన్నా వెతకడం గురించే ఎక్కువగా చెబుతుంది.

ధ్వని నడిచే దారి

అనలాగ్ సింథసైజర్‌లో రెండు రకాల విద్యుత్ సంకేతాలు పక్కపక్కనే నడుస్తాయి. మొదటిది చెవికి వినబడే ధ్వని సంకేతం. ఇది ఆసిలేటర్‌లో పుట్టి, మిక్సర్‌లో కలిసి, ఫిల్టర్‌లో వడపోతకు లోనై, వీసీఏ అనే ఆంప్లిఫయర్ గుండా బయటికి వస్తుంది. రెండోది చెవికి వినబడని నియంత్రణ వోల్టేజి. ఏ మెట్టు నొక్కాం, ఫిల్టర్ ఎంత తెరుచుకోవాలి, ధ్వని ఎంతసేపట్లో ఆరిపోవాలి అన్నవి దీని ద్వారానే నిర్ణయమవుతాయి. ధ్వని రాకపోతే ధ్వని మార్గం తెగి ఉండవచ్చు, లేదా వీసీఏను తెరవాల్సిన ఎన్వలప్ వోల్టేజి అందక తలుపు మూసుకుని ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ వినిపించేది నిశ్శబ్దమే కాబట్టి వాటిని విడదీయడమే మెకానిక్ మొదటి పని.

ఒకేసారి అనేక స్వరాలు పలికే పాలీఫోనిక్ వాయిద్యంలో ఈ మార్గం మొత్తం పలుసార్లు పునరావృతమవుతుంది. ప్రాఫెట్-5లో అలాంటి మార్గాలు ఐదు, పాలీసిక్స్‌లోనూ జూనో-106లోనూ ఆరేసి, జూపిటర్-8లో ఎనిమిది. ఒక్కో మార్గాన్ని వాయిస్ అంటారు. ఈ పునరావృతి మెకానిక్‌కు పెద్ద వరం. పాడైన వాయిస్ పక్కనే బాగున్న వాయిస్ ఉంటుంది కాబట్టి, రెండింటిలో ఒకే బిందువు దగ్గర వోల్టేజి కొలిచి పోల్చవచ్చు. సర్క్యూట్ సిద్ధాంతం పూర్తిగా తెలియకపోయినా ఈ పోలికతో చాలా దూరం వెళ్లవచ్చు.

మూత తీయకముందు

సింథసైజర్ ముందు పలక మీది గుండీలు, స్లైడర్లే అన్నింటికన్నా మంచి పరీక్షా పరికరాలు. పలక ముందు నిదానంగా కూర్చుంటే, స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే లోపాన్ని రెండు మూడు సర్క్యూట్ల పరిధిలోకి కుదించవచ్చు. చాలామంది ఈ దశను దాటేస్తారు. నిజానికి పనిలో సగం ఇక్కడే అయిపోతుంది.

మినీమూగ్ లాంటి వాయిద్యం మూగబోయిందనుకుందాం. మొదట ఆసిలేటర్లను మిక్సర్‌లో ఆపేసి, నాయిస్‌ను మాత్రమే తెరవాలి. హోరు వినిపిస్తే ఫిల్టర్, వీసీఏ, ఎన్వలప్ పనిచేస్తున్నట్టే, లోపం ఆసిలేటర్ల దగ్గర ఉన్నట్టే. హోరు కూడా రాకపోతే ఫిల్టర్ రెజొనెన్స్‌ను చివరికంటా పెంచాలి. ఈ తరం ఫిల్టర్లలో చాలావరకు అప్పుడు తమంతట తామే ఈల వేస్తాయి. ఈల వినిపిస్తే ఫిల్టర్ నుంచి బయటి జాక్ దాకా దారి బాగున్నట్టు, తెగినది ఫిల్టర్‌కు ముందున్న మిక్సర్ దగ్గర. ఈల కూడా లేకపోతే అనుమానం వీసీఏ, ఎన్వలప్, పవర్ సప్లైల మీదికి మళ్లుతుంది. ఎన్వలప్ సస్టెయిన్‌ను పూర్తిగా పెంచి మెట్టును నొక్కి పట్టుకోవడం, వీసీఏను ఎన్వలప్ నుంచి తప్పించి ఎప్పుడూ తెరిచి ఉంచే స్విచ్ ఉంటే దాన్ని వాడటం తర్వాతి దశలు.

పాలీఫోనిక్ వాయిద్యంలో వినాల్సింది లెక్క. జూనో-106లో పాలీ 1 అమరికలో ఒకే మెట్టును మళ్లీ మళ్లీ నొక్కితే ఆరు వాయిస్‌లు వరసగా వంతులు తీసుకుంటాయి. ప్రతి ఆరోసారి మాత్రమే స్వరం చిట్లినా, ఆగిపోయినా, సన్నబడినా ఒక వాయిస్ పాడైనట్టు. కీ ట్రాన్స్‌పోజ్ బటన్‌ను నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే ఆ వాయిద్యం టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు ఏ వాయిస్ పలుకుతోందో డిస్‌ప్లే మీద అంకె కనిపిస్తుంది. ఆరు వాయిస్‌లలోనూ ఒకే తేడా ఉంటే, ఉదాహరణకు అన్నింటికీ ఫిల్టర్ తెరుచుకోకపోతే, ఒక్కో వాయిస్‌ను అనుమానించడం దండగ. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న స్లైడర్, డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే డీఏసీ, దాని వోల్టేజిని పంచిపెట్టే 4051 లాంటి మల్టీప్లెక్సర్ ఐసీ, ఇవే అనుమానితులు.

లోపం కానిదాన్ని లోపంగా పొరబడే సందర్భాలు కూడా ఈ దశలోనే తేలాలి. మినీమూగ్, కోర్గ్ ఎంఎస్-20లు స్వరాన్ని ప్రారంభించడానికి ట్రిగర్ తీగను ఎర్త్‌కు కలపాలని కోరుతాయి. ఏఆర్‌పీ వాయిద్యాలు అందుకు భిన్నంగా ధన వోల్టేజిని ఆశిస్తాయి. ఎంఎస్-20, తొలినాళ్ల యమహా సీఎస్ వరసలోని కొన్ని వాయిద్యాలు స్థాయికి (ఆక్టేవ్‌కు) ఒక వోల్టు అన్న సూత్రాన్ని పాటించవు. హెర్ట్‌జ్‌కు ఇంత వోల్టేజి అన్న లెక్కతో నడుస్తాయి. వీటిని ఒకదానికొకటి నేరుగా కలిపితే మెట్లు పలకవు, పలికినా శ్రుతి కలవదు. వాయిద్యాలు రెండూ బాగానే ఉంటాయి. ఏఆర్‌పీ 4072 ఫిల్టర్ కూడా ఇలాంటిదే. రూపకల్పనలో జరిగిన పొరపాటు వల్ల అది దాదాపు 12 కిలోహెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది. కొన్ని రెసిస్టర్ల విలువ మారిస్తే పూర్తిగా తెరుచుకుంటుంది. ధ్వని మందంగా ఉందని అందులో చెడిపోయిన భాగం కోసం వెతికితే దొరకదు.

పవర్ సప్లై

మూత తీశాక మొదట చూడాల్సింది పవర్ సప్లై. ఇందులో మినహాయింపు లేదు. ఆసిలేటర్ శ్రుతి, మెమొరీ, కీబోర్డు స్కానింగ్, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పది వేర్వేరు జబ్బులుగా కనిపించేవన్నీ ఒకే రెగ్యులేటర్ నుంచి పుట్టి ఉండవచ్చు.

దానికన్నా ముందు గోడ ప్లగ్గు గురించి చెప్పాలి. జపాన్‌లో గృహ విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, భారతదేశంలో 230. విదేశాల నుంచి చేతిసంచిలో వచ్చిన వాయిద్యాన్ని వెనకనున్న రేటింగ్ పలక చదవకుండా ఇక్కడి ప్లగ్గులో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం. ఫ్యూజు ఆదుకోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, రెగ్యులేటర్లు పోతాయి. కొన్ని మోడళ్లలో ట్రాన్స్‌ఫార్మర్‌కు పలు వోల్టేజిల ట్యాపింగులు ఉంటాయి కాబట్టి సర్వీస్ మాన్యువల్ చూసి తీగలు మార్చుకోవచ్చు. లేనివాటికి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. 60 హెర్ట్‌జ్ కోసమే లెక్కగట్టిన అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్‌జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

చాలా ఏళ్లు మూలనపడి ఉన్న వాయిద్యాన్ని నేరుగా ఆన్ చేయకూడదు. మన రేడియో మెకానిక్‌లు తరతరాలుగా వాడుతున్న సిరీస్ బోర్డు ఇక్కడ గొప్ప సాధనం. 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును కరెంటు దారిలో వరసగా కలుపుతారు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే లోపల షార్ట్ లేనట్టు. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి. బల్బు కరెంటును పరిమితం చేస్తుందే తప్ప మనిషికి షాక్ తగలకుండా కాపాడదు. ఫ్యూజు హోల్డరు, మెయిన్స్ స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చివరలు 230 వోల్టుల మీద ఉంటాయి. ప్లగ్గు పీకాక కూడా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయాలి. మెయిన్స్ ఫిల్టర్లలో వాడిన పాత కాగితపు కెపాసిటర్లు పైపూత పగుళ్లిచ్చి, తేమ పీల్చుకుని, ఒకరోజు హఠాత్తుగా పొగచిమ్ముతాయి. పగుళ్లు కనబడితే పరీక్షలతో పనిలేకుండానే మార్చేయాల్సిన అరుదైన భాగం ఇది.

తర్వాత కొలతలు. మినీమూగ్ నడిచేది ధన, ఋణ 10 వోల్టుల మీద. ప్రాఫెట్-5, జూనో-106 వంటివి ధన, ఋణ 15 వోల్టులు, డిజిటల్ భాగానికి 5 వోల్టులు వాడతాయి. మల్టీమీటర్ నల్ల తీగను ఎర్త్‌కు కలిపి ఒక్కో సరఫరా పట్టాను (రైల్) కొలవాలి. 5 వోల్టుల పట్టా 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. అది 7 దాటితే అక్కడి టీటీఎల్ ఐసీలకు ప్రమాదం. 15 బదులు 22 కనిపిస్తే రెగ్యులేటర్ లోపల షార్టై, వడపోత లేని వోల్టేజిని నేరుగా వదిలేస్తోందన్నమాట. 15 బదులు 9 కనిపిస్తే రెగ్యులేటర్ పోయి ఉండవచ్చు, లేదా ఎక్కడో ఏదో భాగం ఆ పట్టాను కిందికి లాగుతూ ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి బోర్డులకు వెళ్లే కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఒకటి తీయగానే వోల్టేజి తిరిగొస్తే తప్పు ఆ బోర్డుది.

పట్టాను లాగేసేది చాలాసార్లు చింతగింజంత టాంటలమ్ కెపాసిటరే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ముసలిదయ్యే కొద్దీ ఎండిపోయి బలహీనమవుతుంది. టాంటలమ్ మాత్రం హఠాత్తుగా షార్టవుతుంది. ఒక బోర్డు మీద అలాంటివి ఇరవై ఉంటే, పోయినదేదో కంటికి తెలియదు. అన్నింటినీ విప్పనవసరం లేకుండా దాన్ని పట్టుకునే దారి ఉంది. కరెంటు పరిమితి ఉన్న బెంచ్ సప్లై నుంచి ఒక వోల్టు లోపు వోల్టేజి పంపి, ట్రాక్ పొడవునా మిల్లీవోల్టులు కొలుస్తూ పోవాలి. విలువ అన్నింటికన్నా తగ్గిన చోటే షార్ట్. థర్మల్ కెమెరా ఉంటే వేడెక్కిన భాగం వెంటనే తెలుస్తుంది. లేకపోతే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పూసి, ముందుగా ఆరిన చోటును చూడాలి.

హమ్మింగ్ వినిపిస్తే దాని శ్రుతి కూడా ఒక సమాచారమే. మన దేశంలో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినప్పుడు వచ్చే హమ్ 100 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. 50 హెర్ట్‌జ్ హమ్ అయితే ఎర్తింగ్ లూపునో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ప్రేరణనో, బ్రిడ్జిలో ఒక డయోడు తెగిపోవడాన్నో అనుమానించాలి. రెగ్యులేటర్ మార్చేటప్పుడు 7815 కాళ్ల వరస, 7915 కాళ్ల వరస వేరన్నది మరిచిపోకూడదు. 79 వరస ఐసీల లోహపు తోక ఎర్త్ కాదు, ఇన్‌పుట్ వోల్టేజితో కలిసి ఉంటుంది. హీట్‌సింక్‌కూ దానికీ మధ్య మైకా రేకు లేకుండా బిగిస్తే బాగుచేసిన వాయిద్యం మొదటి క్షణంలోనే మళ్లీ పడుకుంటుంది.

కారిన బ్యాటరీ

1970ల చివర్లో మైక్రోప్రాసెసర్ సింథసైజర్లలోకి వచ్చి, అమర్చుకున్న ధ్వనులను గుర్తుపెట్టుకునే సౌకర్యం ఇచ్చింది. పవర్ ఆపాక కూడా మెమొరీ బతకాలంటే బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీయే అనేక వాయిద్యాలను చంపింది. పాలీసిక్స్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాని కేఎల్‌ఎం-367 బోర్డు మీద టంకం వేసి బిగించిన నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారినప్పుడు బయటికొచ్చే పొటాషియం హైడ్రాక్సైడ్ రాగి ట్రాకులను తినేస్తూ, ఐసీ కాళ్ల వెంట, రంధ్రాల గుండా బోర్డు రెండోవైపుకీ పాకుతుంది. ప్రాసెసర్ ఉన్న బోర్డు కూడా అదే కావడంతో, బటన్లు స్పందించకపోవడం, స్వరాలు ఆగకుండా మోగడం, ప్రోగ్రాములు వాటంతటవే మారిపోవడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వీటిని చూసి ప్రాసెసర్ పోయిందనుకునేవాళ్లు ఎక్కువ. బోర్డును విప్పి బ్యాటరీ చుట్టూ పచ్చటి చిలుము ఉందేమో చూస్తే ఆ సందేహం తీరిపోతుంది.

బ్యాటరీని తీసేశాక క్షారాన్ని తెల్ల వెనిగర్ లాంటి బలహీన ఆమ్లంతో నిర్వీర్యం చేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆకుపచ్చ పూత కింద నల్లబడిన ప్రతి ట్రాక్‌నూ మల్టీమీటర్ కంటిన్యుటీ పరీక్షతో ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడాలి. కంటికి నిండుగా కనిపించే ట్రాక్ లోపల తెగి ఉండటం ఇక్కడ మామూలే. తెగినచోట సన్నటి తీగ వేసి కలపాలి. పాత బ్యాటరీ స్థానంలో లిథియం సెల్ పెట్టేటప్పుడు చార్జింగ్ దారిని డయోడ్‌తో అడ్డుకోవడం తప్పనిసరి. చార్జి చేయకూడని సెల్‌లోకి కరెంటు ఎక్కిస్తే అది పగిలే ప్రమాదముంది.

జూనో-106, డీఎక్స్7లలో మొదటి నుంచీ 3 వోల్టుల లిథియం సెల్లే ఉంది. అవి సాధారణంగా కారవు. ఆయుష్షు ముగియగానే మెమొరీని పోగొడతాయి, అంతే. సెల్ మార్చేముందు ధ్వనులను టేపు ద్వారానో మిడి ద్వారానో భద్రపరచుకోవాలి. యజమాని దశాబ్దాల కిందట కూర్చుని చేసుకున్న ధ్వనులు ఆ చిన్న చిప్‌లో ఉంటాయి. వాటిని కాపాడటం మరమ్మతులో భాగమే.

స్పర్శ లోపాలు

ఒకసారి వచ్చి ఒకసారి పోయే లోపాల్లో అత్యధికం రెండు లోహాలు తాకే చోటే పుడతాయి. ఆనాటి చవక ఐసీ సాకెట్లు కాలును ఒకవైపు మాత్రమే పట్టుకుంటాయి. ఆ కాలు మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడితే ఐసీ బాగున్నా పలకదు. మెమరీమూగ్‌కు చెడ్డపేరు తెచ్చినవాటిలో బోర్డుల మధ్య కనెక్టర్లు ముఖ్యమైనవి. ఈఎంఎస్ వీసీఎస్3లో తీగల బదులు రెసిస్టర్లు దాగిన పిన్నులను ఒక గళ్ల పలకలో గుచ్చుతారు. ఆ పిన్నులు నల్లబడితే దారులు తెగుతాయి. సీఎస్-80 మెమొరీ అయితే మూత కింద దాగిన బుల్లి స్లైడర్ల సమూహమే కాబట్టి, అక్కడి దుమ్ము నేరుగా ధ్వనిని మారుస్తుంది. విశాఖపట్నం, చెన్నైల వంటి సముద్రతీరంలోని ఉప్పు గాలి ఇలాంటి లోపాలను మరింత త్వరగా తెస్తుంది.

ఐసీలను ఒకసారి సాకెట్ల నుంచి కొద్దిగా పైకి లేపి మళ్లీ నొక్కితే చాలాసార్లు లోపం మాయమవుతుంది. ఇది తాత్కాలిక ఉపశమనమే అయినా, లోపం సాకెట్‌దేనన్న సాక్ష్యం దొరుకుతుంది. సీమాస్ ఐసీలను ముట్టుకునేముందు చేతికి ఎర్త్ పట్టీ కట్టుకోవాలి. డ్రై సోల్డర్ పట్టుకోవడానికి ఆన్‌లో ఉన్న బోర్డును ప్లాస్టిక్ కడ్డీతో మెల్లగా తట్టాలి. వేడెక్కాకే వచ్చే లోపానికి ఫ్రీజ్ స్ప్రేతో ఒక్కో భాగాన్ని చల్లబరిచి చూడాలి.

కీబోర్డులో కొన్ని మెట్లు మాత్రమే పలకనప్పుడు వాటి సంఖ్యలను కాగితం మీద రాసుకోవడం మంచిది. మైక్రోప్రాసెసర్ వాయిద్యాల్లో మెట్లను సాధారణంగా ఎనిమిదేసి చొప్పున జట్లుగా అమర్చి స్కాన్ చేస్తారు. పక్కపక్కనున్న ఎనిమిది మెట్లు పోతే ఆ జట్టు తీగ తెగినట్టు. ప్రతి ఎనిమిదో మెట్టు పోతే అన్ని జట్లకూ ఉమ్మడిగా ఉన్న ఒక తీగ తెగినట్టు. ఎక్కడో ఒక్క మెట్టే పోతే ఆ మెట్టు కింది కాంటాక్ట్ మురికిదే. మినీమూగ్, ప్రాఫెట్-5లలో సన్నటి వంపు తీగలు లోహపు కడ్డీని తాకుతాయి. ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు, ఇసుక కాగితం వాడితే పైపూత పోతుంది. కొన్ని ఇతర వాయిద్యాల్లో కార్బన్ పూత ఉన్న రబ్బరు గుండీలు ఉంటాయి. బరబరలాడే గుండీలకు, స్లైడర్లకు కాంటాక్ట్ క్లీనర్ వాడాలి. మామూలు తుప్పు వదిలించే నూనె స్ప్రేలు లోపల జిగురుగా మారి దుమ్మును పోగుచేస్తాయి.

శ్రుతి తప్పడం

పాతతరం సింథసైజర్లపై వచ్చే ఫిర్యాదుల్లో అన్నింటికన్నా ఎక్కువది, అన్నింటికన్నా తక్కువగా అర్థమైనది ఇదే. స్థాయికి ఒక వోల్టు పద్ధతిలో ఒక అర్ధస్వరం అంటే 83.3 మిల్లీవోల్టులు. అర్ధస్వరంలో నూరో వంతును సెంటు అంటారు, అంటే 0.83 మిల్లీవోల్టులు. శిక్షణ ఉన్న చెవి ఐదు సెంట్ల తేడాను సులువుగా పట్టేస్తుంది. కాబట్టి నాలుగు మిల్లీవోల్టుల పొరపాటు, అంటే ఒక పాత కనెక్టర్ తినేసే వోల్టేజి, పాటను చెడగొట్టడానికి సరిపోతుంది.

నియంత్రణ వోల్టేజి సరళంగా పెరిగితే పౌనఃపున్యం రెట్టింపులుగా పెరగాలి. ఈ మార్పిడి చేసేది ఒక జంట ట్రాన్సిస్టర్లు. గది ఉష్ణోగ్రత దగ్గర ట్రాన్సిస్టర్ బేస్ వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే దాని కరెంటు రెట్టింపవుతుంది. ఆ 18 అన్న సంఖ్య ఉష్ణోగ్రతతో పాటు డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున మారుతుంది. మూల స్వరానికి మూడు స్థాయిల పైన వాయిస్తే, ఒక్క డిగ్రీ మార్పుకే దాదాపు 12 సెంట్ల తేడా వస్తుంది. దీన్ని సరిదిద్దడానికి ఉష్ణోగ్రతతో పాటు అదే నిష్పత్తిలో విలువ పెరిగే ప్రత్యేక రెసిస్టర్ వాడతారు. అది ట్రాన్సిస్టర్ జంటను తాకుతూ ఉండాలి. మరమ్మతులో దాన్ని పక్కకు వంచేసినవాళ్లు, దాని స్థానంలో మామూలు రెసిస్టర్ వేసినవాళ్లు శ్రుతి నిలవని వాయిద్యాన్ని యజమానికి తిరిగిస్తారు. ఇంకొన్ని డిజైన్లలో ఆ జంటను ఒక స్థిరమైన వేడి వద్ద ఉంచే యూఏ726 లాంటి ఐసీ వాడారు. అది ఆన్ చేశాక కొంతసేపటికి గానీ కుదుటపడదు.

అందుకే శ్రుతి పరీక్షకు ముందు వాయిద్యం కనీసం అరగంట వేడెక్కాలి. తర్వాత లోపం తీరును వినాలి. అన్ని స్వరాలూ ఒకే మోతాదులో తగ్గితే అది ఆఫ్‌సెట్ సంగతి. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే స్కేల్ ప్రీసెట్ మారాలి. చివరి ఒకటి రెండు స్థాయిల్లో మాత్రమే స్వరం తగ్గితే హై ఫ్రీక్వెన్సీ ప్రీసెట్‌ను చూడాలి. మినీమూగ్‌లోని మూడు ఆసిలేటర్లలో ఒకటే జారితే తప్పు దానిదే. మూడూ కలిసి జారితే కీబోర్డు వోల్టేజి గానీ పవర్ సప్లై గానీ కారణం. మెట్టు వదిలాక స్వరం మెల్లగా కిందికి జారిపోతుంటే, వోల్టేజిని పట్టి ఉంచే కెపాసిటర్ దగ్గర లీకేజి ఉంది. ఇలాంటి చోట ఐసీ మార్చేముందు బోర్డును ఆల్కహాల్‌తో శుభ్రం చేసి చూడాలి. తేమ పట్టిన మురికి, పాత ఫ్లక్స్ కూడా కరెంటును జారనిస్తాయి.

ప్రాఫెట్-5లో ట్యూన్ బటన్ నొక్కితే ప్రాసెసరే పది ఆసిలేటర్లను కొలిచి సవరణలు వేసుకుంటుంది. ఒకటి మాత్రం దారికి రాకపోతే అది సవరణ పరిధి దాటిపోయిందని అర్థం. జూనో-106లో ఆసిలేటర్ల పౌనఃపున్యం డిజిటల్ క్లాక్ నుంచి పుడుతుంది కాబట్టి అవి వేడికి జారవు. ఆ వాయిద్యం శ్రుతి తేడాగా వినిపిస్తే ట్యూనింగ్ గుండీ, స్వరాన్ని వంచే బెండర్, స్వరాన్ని ఊపే ఎల్‌ఎఫ్‌ఓలను ముందు చూడాలి.

తొలి మినీమూగ్‌ల ఆసిలేటర్ బోర్డులు తర్వాత వచ్చిన బోర్డులంత స్థిరంగా ఉండేవి కావు. ఆ పాత బోర్డులను కొత్తవాటిలా నిలబెట్టాలని ప్రయత్నించడం వృథా. ఆ కొద్దిపాటి కదలికే వాటి ధ్వనికి అందమని కోరి కొనేవాళ్లూ ఉన్నారు.

ఐసీలు, వాటి ప్రత్యామ్నాయాలు

1970ల చివర సింథసైజర్ల కోసమే ప్రత్యేక ఐసీలు వచ్చాయి. ప్రాఫెట్-5 తొలి రెండు రూపాల్లో ఎస్‌ఎస్‌ఎం ఐసీలు ఉంటాయి, 1980 నుంచి వచ్చిన మూడో రూపంలో డగ్ కర్టిస్ రూపొందించిన సీఈఎం ఐసీలు. సాకెట్లలో ఉన్న ఐసీలైతే అనుమానం తీర్చుకోవడం తేలిక. మొదటి వాయిస్‌లోని సీఈఎం 3340ను మూడో వాయిస్‌కు, అక్కడిది ఇక్కడికి మార్చాలి. జబ్బు ఐసీతో పాటు వెళ్తే ఐసీది, వెళ్లకపోతే చుట్టూ ఉన్న భాగాలది. పవర్ ఆపకుండా ఈ పని చేయకూడదు. సీఈఎం 3340 ఆసిలేటర్ ఐసీని దాని సొంత సంస్థ 2016లో మళ్లీ తయారు చేసింది. ఏఎస్3340, వీ3340 పేర్లతో ఇతరుల ప్రతులు కూడా దొరుకుతున్నాయి.

జూనో-106 కథ మరోలా ఉంటుంది. దానిలో ఫిల్టర్‌నూ వీసీఏనూ కలిపిన 80017ఏ మాడ్యూళ్లు ఆరు ఉంటాయి. చిన్న సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అమర్చి నల్లటి ఎపాక్సీ పూత పూశారు. కాలం గడిచేకొద్దీ ఆ పూత కింద లీకేజి మొదలై, మెట్టు వదిలినా స్వరం ఆగకపోవడం, చిటపటలు, ఆ తర్వాత పూర్తి నిశ్శబ్దం వస్తాయి. మాడ్యూల్‌ను విప్పి అసిటోన్‌లో నానబెట్టి పూతను తొలగిస్తే చాలాసార్లు అది మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ఆ పనిలో సన్నటి కాళ్లు విరిగే ప్రమాదం ఉండటంతో, కొత్తగా తయారైన ప్రత్యామ్నాయ మాడ్యూళ్లు వేసేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. రెండు వాయిస్‌లు జంటగా పోతే మాత్రం 80017ఏను నిందించకూడదు. తరంగాలను తయారు చేసే ఎంసీ5534ఏ ఐసీ ఒక్కోటి రెండేసి వాయిస్‌లకు పనిచేస్తుంది. ఏఆర్‌పీ కూడా తొలి ఫిల్టర్లను ఎపాక్సీలో ముంచేసింది. లోపలి భాగాలు కొలవడానికి అందవు కాబట్టి, అక్కడ మాడ్యూల్ మొత్తాన్నీ మార్చడమే దారి.

డిజిటల్ భాగం చచ్చినట్టు పడి ఉంటే మూడు విషయాలు చూస్తే చాలు. 5 వోల్టులు ఉన్నాయా, ప్రాసెసర్ క్లాక్ కాలు దగ్గర ఆసిలోస్కోప్‌లో తరంగం ఉందా, ఆన్ చేసిన కొద్దిసేపటికి రీసెట్ కాలు విడుదలవుతోందా. ఈ మూడూ సరిగ్గా ఉంటే ప్రోగ్రాము దాగిన ఈప్రామ్‌ను అనుమానించాలి. దాని గాజు కిటికీ మీద అంటించిన కాగితం ఊడిపోతే వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు లోపలి సమాచారాన్ని కాలక్రమంలో చెరిపేస్తాయి.

ఎంతవరకు మార్చాలి

వయసు మీదపడిన వాయిద్యంలో కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చేయాలా అన్నది మెకానిక్‌ల మధ్య ఎప్పటి నుంచో నలుగుతున్న వివాదం. పవర్ సప్లైలోని పెద్ద ఎలక్ట్రోలిటిక్‌లను మార్చడం సమంజసం. అవి వేడిలో బతికాయి, వాటి వైఫల్యం మిగతా అన్నింటికీ సోకుతుంది. కానీ వాయిస్ బోర్డు మీది ఫిల్మ్, సిరామిక్ కెపాసిటర్లను వయసు పేరుతో పీకేయడానికి కారణం లేదు. అవి దశాబ్దాలు నిలుస్తాయి. ఆనాటి జపాన్ వాయిద్యాల్లో కనిపించే పేపర్-ఫినాలిక్ బోర్డుల నుంచి రాగి రేకు కొద్దిపాటి వేడికే లేచిపోతుంది. అవసరం లేని ప్రతి టంకపు చుక్కా ఆ బోర్డు ఆయుష్షును తగ్గిస్తుంది. కొలిచి, చెడిందని తేలినవాటినే మార్చడం వాయిద్యానికీ దాని చరిత్రకూ మేలు. తీసిన పాత భాగాలను చీటీ రాసి కవరులో పెట్టి యజమానికి ఇవ్వడం కూడా మంచి మెకానిక్‌ల అలవాటే.

ప్రీసెట్‌లను ముట్టుకునే ముందు వాటి స్థానాన్ని ఫోటో తీసుకోవాలి. సర్వీస్ మాన్యువల్ ఏ వరసలో చెబితే ఆ వరసలోనే సరిదిద్దాలి. పవర్ సప్లై వోల్టేజిని సరిచేయకుండా ఆసిలేటర్ స్కేల్‌ను సరిచేస్తే, రేపు వోల్టేజి సరిచేసినప్పుడు ఆ పనంతా మళ్లీ చేయాల్సి వస్తుంది. మరమ్మతు ముగిశాక వాయిద్యాన్ని కొన్ని గంటలు ఆన్‌లో ఉంచి పట్టాల వోల్టేజి, రెగ్యులేటర్ల వేడి, శ్రుతి మళ్లీ చూడాలి. మూత తెరిచి సరిచేసిన శ్రుతి మూత బిగించాక లోపలి వేడికి మారుతుంది కాబట్టి చివరి సవరణ మూత పెట్టాకే చేయాలి. మినీమూగ్ వెనక పలకకు స్క్రూడ్రైవర్ దూరేంత రంధ్రాలు ఉన్నది అందుకే.